పత్తి గదిలో నాగూర్ వలి

హలో… ఆ, నేనే. గుంటూరు నుంచి రామమూర్తినే. ఎవరూ…? ఒరేయ్ గురునాథం! నువ్వు ట్రంకాల్ చేశావంటే పత్తి రేటు పెరిగిందన్నమాట.

ఆ… చెప్పు.

నీ మనవరాలు కనకమా? మా ఇంటికెందుకొస్తుందిరా, నాలుగో క్లాసు పిల్ల, ఒంటరిగా?… ఎప్పట్నించి కనపళ్ళేదు?… అన్నం తిన్నాకనా. ఏ జామచెట్టు మీదో ఉంటుంది, చూడు.

స్నేహితురాలితో చెప్పి పోయిందా? ఏమని?… "నేను నాగూర్ వలినవుతున్నా, పిలిచినా పలకను" అనా…

హహ్హ! నా పుస్తకం చదివిందన్నమాట. నీకూ ఇచ్చాను, నువ్వు చదివితేగా! మన నాగూర్ వలి గారి జీవితంరా, బడిపిల్లల కోసం రాసింది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో పోలీసులు ఊరు చుట్టుముడితే ఆయన—

ఆగు.

గురునాథం, ఈ ఏడు పత్తి అమ్మేశావా?… ఇంట్లోనే ఉందా. గోనె బోరేల్లో కుక్కారా, విడిగా పోశారా?… గదినిండా. దూలం దాకా.

ఒరేయ్, నేను చెప్పేది విను. ఆయన పత్తిలో దూరాడురా. నిలువునా కూరుకుపోయి, పోలీసులు వెళ్ళేదాకా కదల్లేదని రాశాను… ఎక్కడేమిటి, పత్తి గదిలో! వెళ్ళి తలుపు చూడమను—

గడియ తీసి ఉందా.

దేవుడా.

పాలేరు దానయ్య ఉన్నాడా? పైకెక్కొద్దను! తొక్కితే పత్తంతా పిల్లమీద దిగబడుతుంది. పలుగూ పారా వద్దు, చేతుల్తో లాగమను. గదిలో చీకటైనా సరే లాంతరు తేవద్దు, ఓ నిప్పురవ్వ చాలు…

ఏ వైపునించి లాగాలనా?… ఆ గదికి కిటికీ ఉందా? ఉంటే దానికింద మూల. అలాగే రాశాను… ఆయన చెప్పలేదురా, వెన్నెల పడితే అందంగా ఉంటుందని నేనే కిటికీ పెట్టాను. కనకానికి పుస్తకమే వేదం. ఆ మూలే చూడండి.

ఊఁ… వింటున్నా…

ఆపరేటరు గారూ, టైమైతే పొడిగించండమ్మా. పసిపిల్ల ప్రాణం. పొడిగించండి.

గురునాథం… ఆ కేకలెవరివి?… కోడలివా. శ్యామలని అరవొద్దను. లోపల్నించి మూలిగినా వినపడాలి.

పాదమా? పట్టుకుని లాగెయ్యకండి! తల వైపు తియ్యండి, తల—

హలో…

హలో. గురునాథం.

ఒరేయ్, ఏదో ఒకటి చెప్పరా…

దగ్గిందా? దగ్గిందా! నోట్లో వేలు పెట్టి పత్తి తియ్యమను… ఏడవనీ. ఎంత గట్టిగా ఏడిస్తే అంత మంచిది.

తిట్టు. తిట్టరా, పడతాను… అవును, "నిజంగా జరిగిన కథ" అని అట్టమీద వేసుకున్నది నేనే.

పిల్ల నాతో మాట్లాడుతుందా? ఫోనివ్వు… కనకం, తల్లీ, గుంటూరు తాతనమ్మా… ఏమిటీ? మళ్ళీ చెప్పు…

ఆయనకి ఊపిరెలా ఆడిందనా.

…ఆయనకి అక్క ఉందమ్మా. గుల్జార్ బేగం. తమ్ముడి మొహాన్ని గోడ కన్నం వైపు తిప్పి, తలమీద గంప బోర్లించి, పైన పత్తి కప్పింది. పోలీసులు వచ్చి వెళ్ళేదాకా గుమ్మంలో కూచుని పత్తి ఏరుతూనే ఉంది, గోడకేసి చూడలేదు… లేదమ్మా, పుస్తకంలో లేదు. వీరుడు ఒక్కడే ఉంటే బాగుంటుందని… నేనే తీసేశాను.

ఏమన్నావ్? రేపు ఆదివారం… ఈ నాగూర్ వలి ఆట ఎవరెవరు ఆడుకుంటారు?… బళ్ళో పిల్లలంతానా? ఎవరింట్లో వాళ్ళా?

తాతకివ్వు. త్వరగా ఇవ్వు.

గురునాథం! ఊళ్ళో చాటింపు వేయించు. తెల్లారేదాకా ఆగకు, ఇప్పుడే. పత్తి గదులకి తాళాలు వెయ్యమను. ఆ గంప సంగతి కూడా పిల్లలకి చెప్పమను… మీ ఊరొక్కటే అయితే ఇంత గాభరా ఎందుకురా? మంగళగిరి నించి ఒంగోలు దాకా బళ్ళకి పంచిపెట్టారు ఆ పుస్తకాన్ని! పెట్టెయ్, పెట్టెయ్!

ఆపరేటరు గారూ, లైను వదలొద్దు. నా నంబరు మీద లైట్నింగ్ కాల్, అన్నిటికంటే ముందు కలిపేది… బడి అయినా సరే, పంచాయతీ ఆఫీసయినా సరే, ఏ ఊరు ముందు దొరికితే అది…

లైట్నింగ్ కాలంటే ఎవరు పోయారనా?

ఇంకా ఎవరూ పోలేదు తల్లీ. కలపండి.