మొదటి లెక్క

లేస్తావా, దుప్పటి లాగెయ్యమంటావా? ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నాను. గోడవైపు తిరిగి పడుకుంటే పరీక్ష దానంతటదే అయిపోతుందనుకుంటున్నావా అక్కా?

టీ తెచ్చి పెట్టాను. చల్లారి తొరక కూడా కట్టింది. హాస్టల్ సగం ఖాళీ అయిపోయింది, మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడట్లా? పక్క గది పిల్ల, ఆ వార్తలు మోసే రేడియో, తలుపు దగ్గరికొచ్చి మరీ అడిగింది, "మీ అక్క రావట్లేదా" అని. జడ వేసుకుంటోందని చెప్పాను. ఎంతసేపని వేస్తావు ఆ జడ! ఈపాటికి క్లాసంతా పాకిపోయుంటుంది.

తలనొప్పా? అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నిన్న సాయంత్రం వరండాలో ముగ్గుర్ని కూర్చోబెట్టుకుని పాఠం చెప్పావు కదా, అప్పుడు లేదే ఈ తలనొప్పి!

అసలు నాకు ఒళ్లు మండేదే అక్కడ. ఆమధ్య, దూలం మీద బరువు పడితే లోపల ఏమవుతుందో సార్ బోర్డు నిండా రాసిపోశారు. ఒక్క ముక్క నా బుర్రకెక్కితే ఒట్టు. నువ్వేం చేశావ్? నా రబ్బరు తీసుకుని, దాని పక్కవైపు మీద పెన్నుతో నిలువుగీతలు గీసి, వంచి చూపించావు. పైన గీతలు దగ్గరికొచ్చాయి, కింద ఎడంగా జరిగాయి. "చూశావా, పైనేమో నలుగుతోంది, కిందేమో సాగుతోంది, మధ్యలో ఒకచోట ఏమీ అవట్లేదు, అంతే" అన్నావు.

అంతే! ఆ ముక్క పట్టుకునే క్లాసు టెస్టులో నేను గట్టెక్కాను. చెప్పినదానివి నువ్వు మునిగావు. ఇదెక్కడి న్యాయమే తల్లీ?

ఎందుకు మునిగావో నాకు తెలీదనుకోకు. ఇంటిపేరు ఒకటే కాబట్టి ఏ పరీక్షకైనా నీ వెనక బెంచీయే కదా నాది. మొదటి లెక్క చేశావు. జవాబు సరిగ్గానే వచ్చింది. ముందుకెళ్లొచ్చుగా? అబ్బే! అడ్డంగా కొట్టేసి మళ్లీ చేశావు. మళ్లీ అదే జవాబు. అయినా నమ్మకం కుదర్లేదు మహాతల్లికి, ఇంకో కాగితం అడిగావు. ఈలోగా గంట కొట్టేశారు. మిగతా లెక్కలన్నీ వచ్చి కూడా తెల్లకాగితాలు ఇచ్చి వచ్చావు. కిందటేడూ ఇదే కథ. అందుకేగా వచ్చి నా క్లాసులో పడ్డావు!

అయ్యో... సరే, సరే. ఆ మాట నేననకూడదు. నోరు జారింది. దుప్పటి నెత్తి మీదకి లాక్కోకు, ఊపిరాడదు.

నాన్న నిన్న ఫోన్ చేశారు. నీకు కాదు, నాకు. ఈ పేపరు కూడా తప్పితే కాలేజీలో పేరు తీసేస్తారటగా, వచ్చి దాన్ని ఇంటికి తీసుకుపోతాను అన్నారు. కోపంగా కూడా అనలేదు, అదే భయం వేసింది నాకు. వెనకనుంచి అమ్మ, "చెల్లెల్ని చూసైనా బుద్ధి తెచ్చుకోమను" అంది. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. నన్ను చూసి నువ్వు నేర్చుకునేదేముంది, నా బొంద!

ఇంజినీరింగ్ ఇంజినీరింగ్ అని పలవరించింది నువ్వు. ఎక్కడ వంతెన కనపడ్డా బస్సు కిటికీలోంచి మెడ బయటపెట్టి చూసింది నువ్వు. నేనెందుకు చేరానో తెలుసా? నువ్వు చేరావని. చిన్నప్పుడు నీకు పొట్టయిన గౌన్లు నాకు తొడిగేవారు చూడు, అలా వచ్చాను ఈ కోర్సులోకి. నాకు సరిపోతుందో లేదో చూసుకోలేదు.

ఏమన్నావ్? గట్టిగా అను. "నువ్వెళ్లు, నువ్వైనా బాగుపడు" అంటావా?

నేనా? నేను బాగుపడతానా! ఐతే విను. నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పించుకునేదాకా ఊరుకోవు కదా.

మొన్న ఆ నీళ్ల ప్రవాహాల లెక్కల పేపరు రాసొచ్చి బాత్రూంలో కుళాయి తిప్పేసి ఏడ్చావు. బయట నిలబడి, నేనూ సరిగ్గా రాయలేదులే అన్నాను. ఓదార్చడానికి అన్నాననుకున్నావు. కాదక్కా. నువ్వు మళ్లీ మొదటి లెక్క కొట్టేస్తున్నావు, వెనకనుంచి నాకు కనపడుతోంది. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. దానికి మూత పెట్టేశాను. అన్నీ వచ్చిన లెక్కలే. వదిలేసి, గంట కొట్టేదాకా నీ వీపు చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే ఏం చెప్పను? నిన్ను దాటిపోతే ఇంక నన్ను నీ పక్కన నడవనివ్వవేమోనని భయమేసింది. ఇద్దరం తప్పితే ఎవర్ని చూసి ఎవర్ని బుద్ధి తెచ్చుకోమంటుంది అమ్మ, చెప్పు?

ఆహా, ఇప్పుడు లేచావూ! ఇప్పటిదాకా తల పగిలిపోతోందన్నదానివి, నన్ను తిట్టడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక వచ్చిందే! తిట్టు. అవును, బుర్రలేనిదాన్నే. బుర్రంతా నీకే ఇచ్చాడు దేవుడు, నువ్వేమో దాన్ని ఒక్క లెక్క మీదే అరగదీస్తున్నావు. కొడతావా? కొట్టు, కానీ చెప్పులు తొడుక్కుంటూ కొట్టు, టైమవుతోంది. హాల్ టికెట్ నా బ్యాగులో పెట్టాను. జడ దారిలో నేనేస్తాను.

ఇంకోమాట. మొదటి లెక్క ఒక్కసారే చెయ్యమని నిన్నింక బతిమాలను. ఏడాదిన్నరగా బతిమాలి నోరు నొప్పెట్టింది. నీ ఇష్టం, పదిసార్లు కొట్టేసుకో. నువ్వు కొట్టేసినప్పుడల్లా వెనకనుంచి నా పెన్ను మూత టక్కుమంటుంది, విను. అంతే.

బెదిరిస్తున్నానా? ఆఁ, బెదిరిస్తున్నాను. మంచిమాట నీ దగ్గర పనిచేస్తే నాకీ ఖర్మెందుకు!