పాత డయోడ్‌కి బదులు

శాంటా క్లారాలో రేడియో పరికరాలు తయారు చేసే ఓ చిన్న కంపెనీ. ల్యాబ్‌లో ఇద్దరే ఉన్నారు: టీమ్ లీడ్ విశ్వనాథ్, అతని దగ్గర పనిచేసే దేదీప్య.

“ఇది కూడా రిజెక్టేనా?”

“రిజెక్ట్ అనలేదు దేదీప్యా. ఇంకొంచెం చూద్దాం అన్నాను.”

“పోయిన రెండింటికీ ఇదే మాట అన్నారు. ఈసారి వంకేంటో చెప్పండి.”

“వంక కాదమ్మా. స్టేషన్ మార్చడానికి పాత వ్యారక్టర్ డయోడ్ ఒక్కటే ఐదొందల పీకోఫారడ్ల కెపాసిటెన్స్ ఇచ్చేది. నువ్వు చిన్నచిన్నవి పక్కపక్కన అతికించి...”

“అతికించక ఏం చేయను? అంత పెద్దది ఇప్పుడు ఎవరూ తయారు చేయట్లేదు. పాత స్టాక్ అని అమ్మేదంతా డూప్లికేట్. ఈ సర్ఫేస్ మౌంట్‌వి బియ్యపు నూకంత ఉంటాయి. నాలుగు కలిపితే సరిపోయింది. స్టేషన్లన్నీ పట్టుకుంటోంది. మీ ముందే తిప్పి చూపించాను కదా.”

“చలికి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది.”

“జరగదు.”

“నీకెలా తెలుసు? చల్లబరిచి చూసే టెస్ట్ ఛాంబర్ నీకు దొరకలేదుగా.”

“దొరకలేదు కాదు, మీరు ఇవ్వలేదు. అందుకే వీకెండంతా బ్రేక్ రూమ్ ఫ్రీజర్‌లో పెట్టాను, మన ఆఫీసు రిషిత దాచుకున్న కరివేపాకు కవర్ల కింద. ఇసుమంత కూడా కదల్లేదు.”

“కరివేపాకు కింద పెట్టానని రిపోర్ట్‌లో రాస్తావా?”

“జోకులొద్దు. నాకు ఒళ్ళు మండుతోంది.”

“జోక్ చేయట్లేదు.”

“నేను సాధించడం మీకు ఇష్టం లేదు, అంతే. మీరు వెతికి వెతికి వదిలేశారు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల పట్టుకుంటే మీ పరువు పోతుంది.”

“మెల్లగా మాట్లాడు.”

“ఎందుకు మెల్లగా? అక్టోబర్‌లో నా హెచ్‌వన్ వీసా మొదలు. ఆలోపు నేనేం చేశానో పైన ఒక్కరికైనా తెలియాలి. లేకపోతే నన్నెవరు ఉంచుకుంటారు? అన్నా అన్నా అని మీ వెనక తిరిగాను. సొంత అన్నైతే ఇలా తొక్కేవాడు కాదు.”

“తొక్కట్లేదు.”

“మరేం చేస్తున్నారు?”

“తలుపు వెయ్యి.”

“వెయ్యను. చెప్పండి.”

“వెయ్యి దేదీప్యా.”

“వేశాను. ఇప్పుడు చెప్పండి.”

“ఈ టీమ్ ఇంకా ఉన్నది ఆ డయోడ్ కోసమే. బదులు దొరికిన రోజు డిజైన్ మొత్తం బయటి కంపెనీకి ఇచ్చేస్తారు. అప్పుడు తీసేసేవాళ్ళలో మొదటి పేరు నీది. మే నెల నుంచి నాకు తెలుసు.”

“అబద్ధం.”

“అక్టోబర్ వస్తే హెచ్‌వన్ చేతికొస్తుంది, ఇంకో కంపెనీకి మారొచ్చు. ఇప్పుడు తీసేస్తే అదీ పోతుంది, ఇంటికెళ్ళాల్సిందే. అందుకే మొదటిది సరిపోయినా కాదన్నాను.”

“ఆ మాట నాకు ముందే చెప్పొచ్చు కదా.”

“చెబితే నా ఉద్యోగం పోతుంది. నాకూ పిల్లలున్నారు. నువ్వు తిట్టుకుంటావని తెలుసు. తిట్టుకో, ఇంకో ఆరు వారాలు తిట్టుకో. ఆ బోర్డ్ ఇలా ఇవ్వు, చలికి ఆగట్లేదని నేనే రాస్తాను.”

“అన్నా...”

“ఏంటి?”

“మీ మీద కోపంతో పొద్దున్నే డైరెక్టర్‌కి మెయిల్ పంపేశాను. పార్ట్ దొరికింది, పని పూర్తయిందని.”