మొదటి పేజీ మీద ముద్ర

సెలవుల ముందు గ్రంథాలయంలో, కొనుక్కోలేని కుటుంబాలకు కొత్త పిల్లల పుస్తకాలు పంచుతున్నారు. ముద్ర వేసి ఇస్తున్నావిడ ఒక తల్లిని గుర్తుపట్టింది.

"మీ పెద్దమ్మాయి రాలేదేం?"

"రానని మొండికేసిందమ్మా."

"పోయినేడు ఇచ్చింది నచ్చలేదా?"

"ఎందుకు నచ్చలేదు! మురిసిపోతూ బడికి పట్టుకెళ్లింది. మొదటి పేజీలో 'పేద పిల్లలకు ఉచితం' అని మీరేసిన ముద్ర క్లాసంతా చదివారట. ఇంటికొచ్చి ఆ పేజీ చింపేసింది."

"అయ్యో! కథ పోలేదు కదా?"

"ఆ పేజీ వెనకే కథ మొదలయ్యేదమ్మా."

ఆవిడ చేతిలోని ముద్ర పక్కన పెట్టేసింది.

"ఎవరైనా అమ్ముకుంటారేమోనని వేశాం. మీ మొహం చూడలేకపోతున్నానమ్మా. ఈ పుస్తకం మీద వెయ్యన్లెండి."

"వేసినా పర్లేదమ్మా. ఇది చిన్నదానికి. దానికింకా చదవడం రాదు."