గుగ్గిళ్ల బావి

చేలకి పోయే డొంకలో, ఎడమ పక్క తుమ్మచెట్ల మాటున గట్టు కూలిపోయిన దిగుడుబావి ఉంది చూశారా, అదే గుగ్గిళ్ల బావి. చూశారా అని అడగడమెందుకులే, వద్దన్న చోటికే కదా మీ కాళ్ళు పోయేది. ఆ నీళ్ళు ఎవరూ ముట్టరు, ఆ గట్టున ఎవరూ కూచోరు. పొద్దు వాటారే వేళ అటు పోతే ఉడికిన ఉలవల వాసన వస్తుంది. దగ్గర్లో ఇల్లు లేదు, పొయ్యి లేదు, మరి ఉలవలు ఉడకేసేదెవరు? అదే చెప్తా, ఇట్లా జరగండి. ధనమ్మా, ఆ పిల్లిని కింద పెట్టు, అది కథ వినదు, నిన్నూ విననివ్వదు.

మా అమ్మ కాపరానికొచ్చిన కొత్తలో మనూళ్ళో ఖాసిం సాయిబని జట్కా తోలేవాడుండేవాడట. ఆయనకో ఆడగుర్రం, పేరు చాందినీ, ఎర్రటి ఒళ్ళు, నుదుటి మీద తెల్లమచ్చ. భార్య పోయింది, ఉన్న ఒక్క కూతురూ అత్తారింటికి పోయింది, ఇక ఇంట్లో ఆయన, కొట్టంలో అది, అంతే సంసారం. నోటితో టక్కుమనిపిస్తే చాలు, ఎంత దూరాన మేస్తున్నా తలెత్తుకుని వచ్చేదట.

ఆ పక్కింటాయనే చెంచురామయ్య. మంచివాడే, కాదన్ను, కానీ ఆ గుర్రాన్ని చూస్తే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాడు. తనకీ ఎద్దులున్నాయి, ఆవుంది, ఏదీ పిలిస్తే పలకదు, కొడితేనే కదులుద్ది. సాయిబుకి మాత్రం అంత అందమైన జీవం వెనకెనకే తిరుగుద్దేం, అని లోపల్లోపల ఉడికిపోయేవాడు. నవ్వుతావేం రా, మొన్న నీ తమ్ముడికి పెద్ద అరిసె ఇచ్చానని అన్నం మానేసింది నువ్వు కాదూ?

అట్లా ఉండగా సాయిబుకి దగ్గు పట్టుకుంది, దగ్గులో రక్తం పడింది, డాక్టరు చూసి క్షయ అన్నాడు, కొండ మీద ఆసుపత్రికి పోవాలి, ఎన్నాళ్ళో చెప్పలేం అన్నాడు. మరి గుర్రాన్నేం చెయ్యాలి? ఊళ్ళో అందరినీ అడిగితే, గుర్రం తిండి మేం పెట్టలేం సాయిబూ అని తప్పుకున్నారు. చెంచురామయ్య మాత్రం అడక్కముందే వచ్చి, నేను చూసుకుంటా, నువ్వు నిశ్చింతగా పోయిరా అన్నాడు. సాయిబు చేతులు పట్టుకుని ఏడ్చాడట. ఉలవలు మెత్తగా ఉడకెయ్యి, చల్లారాక పెట్టు, వీపు తోమేటప్పుడు కూనిరాగం తియ్యి, ఇట్లా అన్నీ ఒప్పజెప్పి, ఆఖర్న ఒంటి మీద చొక్కా విప్పి చెంచురామయ్య కొట్టంలో కొయ్యకి తగిలించాడు. జట్కావాళ్ళ పద్ధతి అది. గుర్రాన్ని ఒకరికి ఒప్పజెప్పేటప్పుడు చెమట చొక్కా వదిలిపోతారు, ఆ వాసన ఉంటేనే అది మేత ముడుతుంది. దీన్ని ఉతకొద్దు, తియ్యొద్దు చెంచయ్యా అని చెప్పి రైలెక్కాడు.

చెప్పకేం, చెంచురామయ్య కన్నబిడ్డ కంటే బాగా చూశాడు. పొద్దున్నే తోమేవాడు, జూలు దువ్వేవాడు, గుగ్గిళ్లు తనే ఉడకేసి తనే రుచి చూసి పెట్టేవాడు. ఆయన పెళ్ళాం అంకమ్మకి ఒళ్ళు మండిపోయేది. నాకు జ్వరమొస్తే గంజి కాచి పొయ్యలేదు గానీ దానికి మూడు పూటలా వంటా, ఓ చీర కట్టి లోపలికి తెచ్చుకోరాదూ అనేదట. పాపం, ఆమె బాధ ఆమెది.

కానీ ఆయన ఎంత చేస్తే ఏం లాభం? గుగ్గిళ్లు ముందర పెట్టగానే గుర్రం ముందు కొయ్య దగ్గరికి పోయేది, ఆ చొక్కాలో మూతి పెట్టి వాసన పీల్చేది, అప్పుడొచ్చి తినేది. రోజూ అంతే. వండింది నేను, తోమింది నేను, దండం మాత్రం ఆ చింకి చొక్కాకా అని ఆయనకి కడుపు రగిలిపోయింది. ఒకరోజు ఆ చొక్కా లాగి, ఉండచుట్టి, తీసుకెళ్ళి ఈ పాడుబావిలో విసిరేశాడు. అది నీళ్ళల్లో పడలేదు, లోపల గోడలో మొలిచిన రావిమొక్కకి తగులుకుని వేలాడింది. పోతేపోయిందిలే అని వచ్చి, కొయ్యకి తన చొక్కా తగిలించాడు.

గుర్రం మేత మానేసింది. డొక్కలు లోపలికి పోయాయి. ఆకలి ఊరుకుంటుందా, చివరికి ఆయన చొక్కానే వాసన చూసి తిన్నది. ఆ వేళ చెంచురామయ్య ఊరంతా తిరిగి, ఇంక చాందినీ నాది అని చెప్పుకున్నాడట.

సాయిబు చస్తాడనుకున్నారంతా. చావలేదు, నయమై తిరిగొచ్చాడు. చిక్కి సగమయ్యాడు, ఒళ్ళంతా మందుల కంపు. గుర్రం దగ్గరికి పోతే అది వాసన చూసి వెనక్కి తగ్గి, చెంచురామయ్య భుజం వెనక నిలబడింది. ఆయన మొహం అప్పుడు చూడాలి, వెలిగిపోయింది. సాయిబు నోటితో ఒక్కసారి టక్కుమనిపించాడు. అంతే, గుర్రం ఒక్కుదుటున వచ్చి ఆయన మెడ మీద తల వాల్చేసింది. నా చొక్కా ఏదయ్యా అంటే, ఎలకలు కొట్టేశాయి అన్నాడు చెంచురామయ్య. పోనీలే, నా బిడ్డని బతికించావు, అదే పదివేలు అని దండం పెట్టి సాయిబు గుర్రాన్ని తోలుకుపోయాడు. అది వెనక్కి తిరిగి చూడలేదు.

అక్కడ విరిగింది ఆయన మనసు. జట్కా రోజూ గుమ్మం ముందే పోయేది, గుర్రం తల తిప్పేది కాదు. అయినా రోజూ ఉలవలు ఉడకేసేవాడు, ఎవరికని అంకమ్మ అడిగితే బుట్టెత్తుకుని కొట్టంలోకి పోయేవాడు. ఇప్పుడు సాయిబు దగ్గర మందుల వాసనే గానీ పాత వాసన లేదు కదా, ఆ పాత చొక్కా నేను తొడుక్కుంటే నా దగ్గరికే వస్తుంది, అని పుట్టింది బుద్ధి. పొద్దు వాలే వేళ గుగ్గిళ్ల బుట్ట గట్టు మీద పెట్టి బావిలోకి దిగాడు. పాచిపట్టిన మెట్లు, చెప్పాలా? మర్నాడు శవాన్ని పైకి తీస్తే, సాయిబు చొక్కా ఆయన ఒంటి మీదే ఉంది, బొత్తాలు కూడా పెట్టుకున్నాడు. ఆ చొక్కాతోనే కాల్చారు.

కాల్చినా ఏం లాభం? కొన్నాళ్ళకి సాయిబు స్టేషన్ నుంచి ఖాళీ జట్కాతో ఆ డొంకన వస్తుంటే, గుర్రం ఆగిపోయింది, చెవులు నిక్కబొడుచుకుంది, ముక్కుపుటాలు ఎగరేసి గాలి పీల్చి సకిలించింది. సాయిబుకీ తెలిసింది, ఒకటి ఉలవల వాసన, రెండోది తన ఒంటి పాత చెమట వాసన. గుర్రం జట్కాతో సహా బావి వైపు లాగింది. టక్కుమన్నాడు, వినలేదు. కిందకి దూకి పగ్గం పట్టుకుని, ఏడుస్తూ బావి వైపు చూసి అన్నాడట.

"చెంచయ్యా, నాకంటే నువ్వే బాగా చూశావు. ఇంక వదిలెయ్యయ్యా."

బావి లోపల్నుంచి మెల్లగా, పక్కింటాయన పలకరించినట్టే వినపడింది.

"సరేలే సాయిబూ. మళ్ళీ ఊరెళ్ళేటప్పుడు చెప్పు, నేను చూసుకుంటా."

గుర్రం కదిలింది, ఇంటికొచ్చారు. కానీ సాయిబు ఆ తర్వాత ఊరు దాటి రాత్రి గడపలేదు. కూతురు పురుడు పోసుకుంటే పోలేదు, మనవణ్ణి చూడ్డానికీ పోలేదు. చాందినీ చచ్చిపోయాక గానీ బిడ్డ ఇంటి గడప తొక్కలేదు.

ఇంక మీ సంగతి. ఆ దెయ్యం మిమ్మల్నేం చెయ్యదు, పీక నొక్కదు, రక్తం తాగదు. మేకనో దూడనో ఆ గట్టున కట్టేసి ఆడుకోడానికి పోకండి, అంతే. వచ్చి చూసేసరికి అది కడుపునిండా తిని, ఒళ్ళు నున్నగా తోమించుకుని, అక్కడే ఉంటుంది. ఇంటికీ వస్తుంది. కానీ మీరు పిలిస్తే మాత్రం పలకదు.