స్టీలు గ్లాసు

దిల్‌సుఖ్‌నగర్‌లోని గాజు, స్టీలు సామాన్ల దుకాణంలో ఒక తమ్ముడు, కొత్తింట్లో కట్టించుకున్న బార్ కోసం విస్కీ గ్లాసులు చూస్తున్నాడు. అక్క తోడు వచ్చింది.

"గీ ఆరు తీసుకుందామా అక్కా?"

"తీస్కో. ఒక స్టీలు గ్లాసు గూడ తీస్కో."

"బార్‌ల స్టీలు గ్లాసెందుకే?"

"నాయిన పోయినంక మొదటి పెత్రామాస రేపు. పెద్దలకు పెట్టే బువ్వ పక్కన మందు గూడ పెట్టాలె గదా."

"గీ గాజుదాంట్ల పోస్తే ఏమైతది?"

"నాయిన ఎన్నడన్న గాజుదాంట్ల తాగిండా? నీకు కనబడొద్దని స్టీలు గ్లాసుల పోసుకొని, మంచినీళ్లని చెప్పేటోడు."

"నాకు తెల్సు. నాయిన ఆఖరి దసరా నాడు సుత ఆయన చేతులకెల్లి గుంజి పారబోసిన."

అక్క ఒక గాజు గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"అయితే స్టీలుదొద్దు తమ్మీ. గాజుదాంట్లనే పోసి పెట్టు. ఇప్పుడన్న దాసుకోకుండ తాగనీ."