మిషన్‌కి పలావు నేర్పినవాడు

"ఆ కెమెరాకి నేనంటే కాస్త గౌరవం, అంతే. అంతకుమించి మా మధ్య ఏమీ లేదు" అన్నాడు ఎర్గష్ అకా, పక్కింటి మేక సంగతి చెప్పినంత తేలిగ్గా.

చాయ్‌ఖానాలో బల్లమంచం అంచున కూర్చున్న అస్కరలి ఇంకాస్త ముందుకి జరిగాడు. అతను వచ్చింది చాయ్ కోసం కాదు. ఆదివారం అతని కొడుకు పెళ్ళి పలావు. కోకంద్‌లో పెళ్ళి పలావంటే తొలి నమాజు కాగానే, ఇంకా వెలుగు రాకముందే, మొహల్లాలో మగవాళ్ళంతా వచ్చి కూర్చోవాలి. తిని, దీవించి, ఎవరి పనికి వాళ్ళు పోవాలి. అస్కరలి టైర్ల కొట్టు నడిపే మనిషి, లెక్క తప్పడు. నాలుగు వందల మందికి బియ్యం వచ్చాయి, పసుపు క్యారెట్లు వచ్చాయి, పెద్ద వంటవాడు కుదిరాడు. కుదరనిది గుండె ఒక్కటే.

పోయిన నెల యాకూబ్ ఇంట్లో జరిగింది అతను కళ్ళారా చూశాడు మరి. ఈ మధ్య మొహల్లాలో స్తంభానికో కెమెరా పెట్టారు. వాటి వెనక ఏదో సాఫ్ట్‌వేర్ ఉందట, జనం మాత్రం దాన్ని మిషన్ అంటారు. ఎవరు ఎప్పుడు గేటు తీస్తారు, ఏ సందులో నడుస్తారు, రొట్టెలు ఎక్కడ కొంటారు, అన్నీ చూసి నేర్చుకుంటుంది. ఎవరైనా రోజూ చేసేది మానేసి ఇంకోటి చేస్తే కంట్రోల్ రూములో గంట మోగుతుంది, బండి బయల్దేరుతుంది. ఆ ఉదయం యాకూబ్ పెరట్లో మొదటి పంక్తికి పలావు పళ్ళేలు దించుతుండగా, వీధి చివర గోడల మీద రంగు లైటు గిరగిరా తిరిగింది. "చీకట్లో ఇంతమందిమి ఒక్కచోట చేరామని మిషన్ పట్టేసిందిరోయ్!" అని ఎవరో అరిచారు. సగం మంది చెప్పులు చేతబట్టుకుని గోడ దూకారు. పలావు చల్లారింది, పైన కొవ్వు పేరుకుంది. యాకూబ్ ఇప్పటికీ ఆ వీధిలో తలెత్తుకు నడవడం లేదు.

తన కొడుకు పెళ్ళికి ఆ గతి పట్టకూడదు. ఆ మిషన్ తన మాట వింటుందని చెప్పుకు తిరిగే మనిషి, ఊళ్ళో అందరూ అకా, అంటే అన్నా, అని పిలిచే ఈ ఎర్గష్ ఒక్కడే. అందుకే అస్కరలి చంకలో జరీ అంచు చపాన్ మూట పెట్టుకుని వచ్చాడు. భుజాన కప్పితే ఎంతటివాడైనా మొహమాటపడి పని చేసిపెట్టే పొడుగు అంగీ అది.

"అసలు పరిచయం ఎలా అయింది, అకా?" అన్నాడు.

"నడక వల్ల, తమ్ముడూ. ముప్పై ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, నాకు టైమంటే టైమే. రోజూ అదే పూట, అదే పక్కన, అవే రాళ్ళ మీద అడుగేసుకుంటూ తందూరు దాకా పోయి రొట్టెలు తెచ్చుకుంటానా? ఓరోజు నిద్రమత్తులో కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని బయల్దేరాను. సందు మలుపు తిరిగానో లేదో ఫోను! 'అకా, నడకలో ఏదో తేడా కనిపిస్తోంది, ఒంట్లో కులాసాయేనా?' అని."

చాయ్ పోస్తున్న హోషిం చెయ్యి ఆపాడు. చాయ్‌ఖానా అతనిదే. "ఫోనెక్కడిది అకా మీకు? పోయిన వేసవిలో పుచ్చకాయ కడుగుతూ కాలవలో జారవిడిచారు కదా?"

"కాలవలోంచే మోగిందిరా మరి! చేపలకి చెవులు చిల్లులు పడి, అవే పైకి తోసి నా చేతికిచ్చాయి. మధ్యలో అడ్డురాకు."

పక్క మంచాల మీద నవ్వులు. అస్కరలి నవ్వలేదు. తొంభై పాళ్ళు కోతలే అనుకున్నా, మిగిలిన పది పాళ్ళు నిజమైతే అతనికి చాలు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" ఎర్గష్ అకా చాయ్ గిన్నె చాపాడు. "ఈ ఊళ్ళో నా అంత క్రమంగా బతికే మనిషి లేడని మిషన్‌కి తెలిసిపోయింది. దాంతో నన్నే కొలబద్ద చేసుకుంది. జనమంతా నాకంటే ఎంత తేడాగా ఉన్నారో అదే చూడ్డం మొదలెట్టింది. ఇది తెలియక నేనేం చేశాను? చుట్టాలొచ్చారని ఒక రోజు రెండు రొట్టెలకి బదులు మూడు కొన్నాను. నాకేమీ కాలేదు, కొలబద్దకి ఏమవుతుంది? కానీ రెండు కొన్న ప్రతివాడి మీదా గంట మోగింది! పాపం, జనం పరిగెత్తి మూడో రొట్టె కొన్నారు. మధ్యాహ్నానికి ఊళ్ళో పిండి అయిపోయింది. సాయంత్రానికి ఫెర్గానా నుంచి పిండి బళ్ళు. ఆ బళ్ళు రోజూ వచ్చే బళ్ళు కావు కదా, వాటి మీద మళ్ళీ గంట! నేనే వెళ్ళి మూడో రొట్టె కొట్టువాడికి తిరిగిచ్చేస్తే గాని ఊరు చల్లబడలేదు."

"కొరికిన రొట్టెనా?" అడిగాడు హోషిం.

"కొరకలేదు. నాకు ముందే అనుమానం వచ్చింది."

ఈసారి హోషిం గిన్నె అంచు దాకా నింపి అందించాడు. పెద్దమనిషికి చాయ్ సగం గిన్నే పోయాలి. నిండా పోశారంటే తాగి దయచేయమని. ఎర్గష్ అకా అది చూశాడు, ఒక్క గుక్కలో తాగాడు, ఖాళీ గిన్నె మళ్ళీ చాపాడు.

అప్పుడే దవ్రాన్ లోపలికొచ్చి ఎర్గష్ అకా వీపు వెనక ఉన్న మంచం మీద కూర్చుని మాంసం కూరిన సంసా ఒకటి చెప్పాడు. అంబులెన్స్ నడిపే దవ్రాన్, కాలవ అవతలి మొహల్లావాడు. ఎవరితోనూ ఏమీ అనడు, తిని పోతాడు.

"అది సరే అకా, యాకూబ్ ఇంటి సంగతి చెప్పండి" అన్నాడు అస్కరలి. ఓపిక తగ్గుతోంది. "నాకు కావలసింది అదే."

"అక్కడికే వస్తున్నా. ఆ ఉదయం నాలుగు వేల మంది చీకట్లో బయల్దేరారు."

"మూడు వందల పది. నేనూ ఉన్నా."

"మిషన్‌కి నాలుగు వేలు, తమ్ముడూ. ఒక్కో మనిషిని అన్ని స్తంభాల మీంచి చూస్తుంది కదా, నువ్వే లెక్కేసుకో." అస్కరలి నిజంగానే లెక్కేశాడు, పదమూడు స్తంభాలు అయితే సరిపోతుంది. ఎర్గష్ అకా మీద నమ్మకం కాస్త పెరిగింది. "అది కంగారుపడిపోయింది. తాష్కెంట్‌కి కబురు. తాష్కెంట్ నుంచి ఇంకా పైకి, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలకి. ఉపగ్రహం వంగి చూస్తుంటే నా పెరట్లో నీడ పడింది. సూర్యుడు కూడా కొండ వెనక ఆగిపోయాడు, 'ఈ రోజు లేవొచ్చా, నా మీద కూడా గంట కొడతారా' అని. కంట్రోల్ రూములో అందరూ తలలు పట్టుకున్నారు. పెద్దాఫీసరు ఒకే మాటన్నాడు. 'ఎర్గష్ అకాని తీసుకురండి.' బండి తిన్నగా వచ్చి ఎవరి గేటు ముందు ఆగింది?"

"ఈయన గేటు ముందే ఆగింది, అది నిజం" అన్నాడు హోషిం అయిష్టంగా. "గోడ దూకినవాళ్ళలో నేనూ ఉన్నా. వెనక్కి తిరిగి చూశా, ఏం బండో మాత్రం చీకట్లో తెలీలేదు."

అస్కరలి చేతులు వాటంతటవే మూట ముడి మీదకి వెళ్ళాయి. పది పాళ్ళు దొరికాయి.

"చూశావా!" ఎర్గష్ అకా మోకాలు చరిచాడు. "ముగ్గురు దిగారు. నన్ను నేల మీద అడుగు పెట్టనిచ్చారా? లేదు! పరుపు మీద పడుకోబెట్టి, నాలుగు మూలలా పట్టుకుని, దుప్పటి కప్పి మరీ మోసుకెళ్ళారు. అమీర్లని కూడా అలా మోసి ఉండరు. లోపలికెళ్ళి చూద్దును కదా, మిషన్ ఎర్రగా కాలిపోతోంది, చెవుల్లోంచి పొగ."

"మిషన్‌కి చెవులా?"

"అప్పుడే మొలిచాయి, భయానికి. నేను దగ్గర కూర్చున్నా. మన మర్యాద ప్రకారం చాయ్ మూడుసార్లు గిన్నెలో పోసి, మూడుసార్లు మళ్ళీ కెటిల్లో ఒంపి, సగం గిన్నె దాని ముందు పెట్టా. 'ఒసే పిచ్చిదానా, ఇది పలావే. మా తాతల నాటి నుంచి ఇంతే. పెళ్ళికొడుకు తండ్రి పరువు ఆ పళ్ళెంలో ఉంటుంది. వేడిగా ఉండగానే తినాలి. నువ్వు గంట కొడితే చల్లారిపోతుంది' అన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కోకంద్‌లో కెమెరాలన్నీ ఒక్కసారి తలలు దించుకున్నాయి. అద్దాల్లోంచి టపటపా నీళ్ళు. ఆ రోజు వాన పడిందని మీరు అనుకున్నారే, అది వాన కాదు! ఇక అప్పట్నుంచి ఎక్కడ పెళ్ళి అయినా నన్నడగందే కదలదు. మొన్న బుధవారం సూర్యుడు కాస్త ఆలస్యంగా లేచాడట, వాడి మీద గంట కొట్టబోయి ముందు నాకు ఫోన్ చేసింది. 'పోనీలే, పెద్దవాడు, వదిలెయ్' అన్నా."

అస్కరలి ముడి విప్పేశాడు. జరీ మెరిసింది. ఎర్గష్ అకా దాన్ని చూడనట్టే చూశాడు.

"ఆదివారం నా సంగతి కూడా దానికి ఓ మాట చెప్పండి, అకా. ఒక్కగానొక్క కొడుకు."

"చెప్తాలే. నాకేం అక్కర్లేదు. పెద్దల వరసలో చోటు, మొదటి పళ్ళెం, అంతే. చపాన్ ఎందుకు తెచ్చావయ్యా... భుజాల దగ్గర బిగుతుగా ఉండదు కదా?"

వెనక మంచం మీద దవ్రాన్‌కి సంసా గొంతులో అడ్డుపడింది. దగ్గి, చాయ్ తాగి, చేతులు తుడుచుకున్నాడు.

"అస్కరలి అకా, చపాన్ ఒక్క నిమిషం పట్టుకోండి. రోగుల సంగతి బయట చెప్పకూడదని మాకు రూలు, అందుకే నెల రోజుల్నుంచి నోరు కట్టుకున్నా. కానీ మీరు కొత్త చపాన్ ఇచ్చేస్తుంటే ఎలా చూస్తూ ఊరుకోను?"

ఎర్గష్ అకా వెనక్కి తిరిగాడు. తిరిగి, గబుక్కున ముందుకి తిరిగిపోయాడు.

"ఆ బండి నాదే" అన్నాడు దవ్రాన్. "మిషన్ పలావులకి ఎప్పుడో అలవాటుపడింది. ఈ కాలంలో వారానికి రెండు పెళ్ళిళ్ళు చూస్తోంది, తెల్లవారుజామున మగాళ్ళంతా కదిలితే దానికి అది మామూలే. ఆ రోజు మూడు వందల మంది మీదా గంట మోగలేదు. మోగింది ఒక్కరి మీద. ఎక్కడ పలావున్నా మొహల్లాలో అందరికంటే ముందు తెరుచుకునే గేటు ఒకటుంది. అది ఆ రోజు తెరుచుకోలేదు. మనిషి పోయాడేమో అనుకుని నన్ను పంపారు."

హోషిం మెల్లగా గేటెవరిదో అర్థం చేసుకుని కెటిల్ కింద పెట్టేశాడు, ఒలికిపోతుందని.

"గోడెక్కి లోపలికి దిగాం. దుప్పట్లో గురక. ఎంత కుదిపినా లేవరు. స్ట్రెచర్ మీద వేసుకెళ్ళాం, అదే ఆ పరుపు. డాక్టరు గుండె చూసింది, నాడి చూసింది, పొట్ట నొక్కింది. ముందు రోజు సాయంత్రం యాకూబ్ ఇంట్లో క్యారెట్లు తరగడానికి వెళ్ళారట. తరిగినవాళ్ళకి భోజనం పెడతారు కదా. తరిగింది రెండు క్యారెట్లు, తిన్నది మూడు పళ్ళేలు. ఎండెక్కాక కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, 'పలావు అయిపోయిందా?'"

నవ్వులకి బల్లమంచాలు కిర్రుమన్నాయి. అస్కరలి మాత్రం అప్పటికింకా నవ్వలేదు. అతని ఛాతీ మీంచి నాలుగు వందల మంది లేచి పోయినట్టయింది. అంటే మిషన్‌కి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. అందరూ ఎప్పటిలా వస్తే చాలు, పలావు వేడిగానే ఉంటుంది. చపాన్ మడిచి, మూట ముడి వేసి, చంకలో పెట్టుకున్నాడు.

ఎర్గష్ అకా టోపీ సర్దుకున్నాడు. గడ్డం ఎత్తాడు.

"నవ్వండి, నవ్వండి. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. మీలో ఎవడైనా పలావుకి రాకపోతే, ఎందుకు రాలేదని ఆ మిషన్ బండి వేసి పంపుతుందా? నాకు పంపింది."

అప్పుడు నవ్వాడు అస్కరలి. లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఎంతో మర్యాదగా వంగాడు.

"ఆదివారం మొదటి పళ్ళెం మీదే, అకా. ఆ బండి మళ్ళీ మా వీధికి రాకూడదు, కాబట్టి మీరు రావాల్సిందే. ఒక్కటే మనవి... శనివారం సాయంత్రం క్యారెట్లు తరగడానికి మాత్రం రాకండి."