వయొలిన్ టీచరమ్మ నడిపిన బండి

హలో… ఆ, నేనేనోయ్ అల్లుడూ, మీ మామని. ఇంకెవరెత్తుతారు, మీ అత్తయ్య పెరట్లో బట్టలు ఆరేస్తుంటే…

ఎక్కడున్నారు… పాత కార్లు అమ్మే షెడ్డులోనా. ఇద్దరూనా? ఏడో నెల కడుపుతో ఉన్న పిల్లని ఎండలో తిప్పుతున్నావేంటయ్యా… ఓహో, తనే వస్తానందా. సరేలే. దాన్ని ఆపడం ఇరవై ఆరేళ్ళు నావల్లే కాలేదు, రెండేళ్ళకే నీవల్ల ఏమవుతుంది.

ఏం బండి… ఎస్‌యూవీ. మధ్యరకం… అంటే మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు, చూడ్డానికి గంభీరంగా ఉంటుంది, లోపల ఏముందో తెలీదు. నీలాగే… లేదు లేదు, మెచ్చుకున్నానయ్యా.

ఆ… పురిటికి ఆస్పత్రికెళ్ళడానికి, తర్వాత పిల్లనో పిల్లాణ్ణో వేసుకుని తిరగడానికి. బాగుంది. సంతకం పెట్టేశావా… ఇంకా లేదు. మంచిది… ఏంటీ, పావుగంటలో ఇంకో బేరం వస్తోందన్నాడా షెడ్డాయన? అల్లుడూ, ఆ ఇంకో బేరం నేను పుట్టకముందే బయల్దేరింది. ఇప్పటిదాకా రాలేదు. నువ్వేం కంగారు పడకు.

నన్ను అడిగి మంచిపని చేశావు. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపినవాణ్ణి. బండి ఒక్కసారి దగ్గితే చాలు, జలుబో క్షయో చెప్పేస్తాను. మా డిపోలో ఒక బస్సు ఉండేది… విను, చిన్న కథే… దానికి రివర్స్ గేరు తప్ప ఇంకోటి పడేది కాదు. ఆర్నెల్లు వెనక్కే నడిపాను. ఎక్కినప్పటికంటే దిగేటప్పటికి జనానికి వయసు తగ్గిపోయేది. ఒకావిడ మొగుడితో ఎక్కి, దిగేసరికి ఈయనెవరో నాకు తెలీదు, నాకింకా పెళ్ళే కాలేదంది… సరే, సరే. తర్వాతే వినిపిస్తాలే.

నువ్వు పళ్ళ డాక్టరువి, నోరు తెరిపించడం నీకు నేర్పాలా. బానెట్ ఎత్తించు… ఎత్తాడా. ఇంజన్ చుట్టూ నల్లగా తడి ఏమైనా… లేదా. తళతళలాడుతోందా. అక్కడే అనుమానించాలి. ఆయిలు కారే ఇంజన్‌కే ముందు స్నానం చేయిస్తారు. నీ దగ్గరికొచ్చే పేషెంట్లు ఆ ఒక్క పూటా పళ్ళు తోముకుని రారూ…

స్టార్ట్ చెయ్యమను. నువ్వు వెనక్కెళ్ళి పొగ చూడు… తెలుపా, నీలమా… నీలం. అంటే పెట్రోలు పంపులో తాగింది చాలక ఆయిలు కూడా తాగుతోంది… చలికి అలాగే వస్తుందన్నాడా. ఇంత ఎండలోనా. ఆయన నోట్లోంచి కూడా వస్తోందేమో చూడు.

ఎంత తిరిగిందట… అరవై రెండు వేల కిలోమీటర్లు. సర్వీసు పుస్తకం… వానలో తడిసి పోయింది. ఊఁ. సర్వీసు పుస్తకాలన్నిటికీ జలగండమే.

ఇదివరకు ఎవరు నడిపారట…

…

ఎవరూ?

…

ఏం లేదు, పొలమారింది. కానివ్వు… వయొలిన్ టీచరమ్మ. ఆదివారం తప్ప బయటికి తీసేది కాదు… వెనక సీట్లో వయొలిన్ పెట్టుకునేది… కుదుపుకి శ్రుతి చెడుతుందని నలభై దాటనిచ్చేది కాదు… పతకం కూడా వచ్చిందా? పతకం ఎక్కడిదయ్యా, నేనెప్పుడూ పతకం మాట— వినలేదు అంటున్నా. వయొలిన్లకి పతకాలిస్తారని వినలేదు.

ఏం రంగు బండి… వెండి రంగు. అమ్మయ్య. అయితే అది కాదు… ఏదీ కాదులే. ఒక్క పని చెయ్యి. ముందు తలుపు తీసి, చుట్టూ రబ్బరు ఉంటుంది, దాన్ని కాస్త పక్కకి లాగి అడుగున ఏ రంగుందో చూడు…

ఆకుపచ్చ… నీకు రంగులు సరిగ్గా కనిపిస్తాయా? … చిలకపచ్చ. సరే.

ఫోను ఇంజన్ దగ్గర పెట్టు. వింటాను.

…

ఊఁ. మూడుసార్లు దగ్గి, ఒక ఈల. ఆ ఈల టర్బోది. అవునవును, టీచరమ్మ దగ్గర నేర్చుకుంది.

అల్లుడూ… ఇంజన్ ఆపించి, బ్యాటరీ ఉంటుంది చూడు, నల్ల పెట్టె, దాని కింద వేళ్ళు పెట్టి చూడు. ఏమైనా తగిలిందా… మెత్తగా. లాగు… హవాయి చెప్పు. పట్టీ నీలం… ఏ కాలిది? … ఊరికే అడుగుతున్నా, ఏ కాలిదో తెలిస్తే రోగం ఎటువైపుందో తెలుస్తుంది… ఎడమకాలిది. మడమ దగ్గర లోపలివైపు అరిగిందా… అరిగింది.

…

ఉన్నానయ్యా, లైను పోలేదు. కుర్చీ లాక్కున్నా. ఇందాకటిదాకా నిలబడే మాట్లాడాను.

అల్లుడు గారూ. మీరు ఆ సంతకం పెట్టకండి.

… ‘మీరు’ అన్నానా? అన్నాను. పెళ్ళి మాటలాడిన రోజు అన్నాను, మళ్ళీ ఇవాళే. తప్పేముందండీ, డాక్టరు మీరు… కారణమా. వెండి రంగు చంటిపిల్లల కళ్ళకి మంచిది కాదు… అలా ఎక్కడా రాయలేదా. ఎక్కడో చదివినట్టు గుర్తు… అమ్మాయికి బాగా నచ్చిందా. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుందా. కూర్చోనివ్వండి, తలుపు మాత్రం వెయ్యొద్దనండి…

వేసేసుకుందా.

దిగమనండి ఒకసారి… ఎందుకని కాదు, నేను దిగమన్నానని… రావట్లేదు. ఆ రెండోవైపుది… అదీ రావట్లేదు. బయట పిడి పట్టి లాగారు… ఊడి చేతికొచ్చింది. పారేయకండి దాన్ని, ఊడి రావడం దాని అలవాటే.

అద్దాలు దిగవండీ వెనకవి… అంటే దిగవేమో అని. ముందు తలుపులు రెండూ బార్లా తెరిచిపెట్టండి, గాలాడుతుంది. సీట్ల మధ్యనించి ముందుకి రాలేదుగా, ఆ కడుపుతో… షెడ్డాయన ఏమంటున్నాడు… మెకానిక్కుకి కబురు పెట్టాడా. ఎప్పటికి వస్తాట్ట… భోజనం చేసి వస్తాడా. అమ్మాయి ఏమంటోంది… ఉక్కపోస్తోందా. ఏడుస్తోందా… లేదు, తిడుతోంది. అయితే పర్వాలేదు, క్షేమంగానే ఉంది. ఏసీ వెయ్యొద్దండి, దాన్లో వేడిగాలి వస్తుంది.

…

సరే. అల్లుడు గారూ, ఇప్పుడు నేను చెప్పినట్టల్లా చెయ్యండి, ఎందుకో అడక్కండి. డ్రైవరు సీట్లో ఎవరైనా కూర్చోవాలి… షెడ్డాయన్నే కూర్చోమనండి. తాళంచెవి సగమే తిప్పాలి. కుడివైపు ఇండికేటరు వెయ్యాలి. ఎడమది కాదు… వేశాడా. హ్యాండ్‌బ్రేకు పైకి లాగి పట్టుకోవాలి. ఇప్పుడు హారను రెండుసార్లు… హారను మోగదండీ, వైపర్లు తిరుగుతాయి. అదే హారను. మీరు ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి రండి. కింద అంచు మీద సొట్ట ఒకటి ఉంటుంది, మోకాలికి సరిగ్గా సరిపోయేంత… ఉందా. ఆ సొట్ట నా— ఆ సొట్టలో మోకాలు పెట్టి ఒక్క పోటు. వైపరు ఇటు వచ్చినప్పుడు కాదు, అటు వెళ్ళినప్పుడు…

…

వచ్చిందా! దిగిందా. నీళ్ళు పట్టించండి ముందు. నీడలో కూర్చోబెట్టండి.

… ఎలా తెలుసు అంటే, అనుభవమండీ. అప్పట్లో మా డిపోలో ఒక బస్సు— … కథలొద్దా.

…

ఆ వయొలిన్ టీచరమ్మని నేనే అల్లుడు గారూ.

… అవునండీ. మీ పెళ్ళికి మూడేళ్ళ ముందు. అమ్మాయి హాస్టల్లో ఉండేది, చూడలేదు. కొని నాలుగు నెలలు కూడా ఉంచుకోలేదు. వాన పడితే ఆగేది, ఎత్తు కనపడితే ఆగేది. రెండో గేరు వేస్తే వెనకనించి ఎవరో తన్నినట్టుండేది. వెనక కూర్చున్నవాళ్ళు దిగాలంటే నా మోకాలు వాయాలి. ఇక వదిలించుకుందామని ఈ షెడ్డుకే తెచ్చి, టీచరమ్మని పుట్టించాను. నలభై దాటేది కాదన్న మాట మాత్రం నిజమండీ. దాటలేదు. దానికి చేతకాలేదు… అరవై రెండు వేలా? నేనమ్మిన రోజున లక్షా అరవై. నాకు వయసు పెరిగింది, దానికి తగ్గింది. ఇదీ ఇన్నాళ్ళూ వెనక్కే నడిచిందేమో.

… నిజమేనండీ. దాన్ని ఎవరో ఒకరు కొంటారు, వాళ్ళ ఇంట్లోనూ కడుపుతో ఉన్న పిల్ల ఉంటుందని అప్పుడు నాకు తోచలేదు. మన పిల్లే వచ్చి కూర్చుంటేగాని తోచలేదు.

ఆ… చెప్పా? బ్యాటరీ బిగించే పట్టీ విరిగిపోయి, గతుకు గతుక్కీ గిలకలా మోగేది. చేతికందింది కుక్కాను. అది మీ అత్తయ్యదండీ. ఇష్టంగా తొడుక్కునే జత. ఆర్నెల్లు వెతికింది. పక్కింటి కుక్క ఎత్తుకుపోయిందని చెప్పాను. అప్పట్నించీ పక్కింటివాళ్ళతో మాటల్లేవు… ఆ కుక్క కూడా నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. అందుకే, బాబ్బాబు, ఈ ఒక్క సంగతి మీ కడుపులో…

స్పీకర్లో ఉందా? ఎప్పట్నించి… ‘నీలాగే’ అన్నప్పట్నించా.

ఎవరూ… ఆ, నమస్కారమండీ. అవునండీ, నేనే. గొంతు గుర్తుపట్టారా… ఆ, టీచరమ్మ బాగానే ఉందండీ… మూణ్ణెల్లకోసారి అమ్ముడుపోయి, వారానికల్లా మీ షెడ్డుకే తిరిగొస్తోందా. పాపం, మీరంటే అంత అభిమానం దానికి… కోప్పడకండి. నేనబద్ధం ఆడాను, మీరు దానికి పతకం కట్టారు, వెండి రంగు పూశారు, కిలోమీటర్లు కోశారు, ఇద్దరం సమానమే. రేపు పొద్దున్నే వస్తాను. దాని రోగాలన్నీ తెల్లకాగితం మీద రాసి ముందద్దానికి అంటిస్తాను. ఒక కాగితం చాలదు… అలా అయితే ఎవరు కొంటారా? కొన్నవాళ్ళకి ఆ పతకం ఇచ్చెయ్యండి.

ఫోను అమ్మాయికివ్వండి… అమ్మడూ. కాళ్ళు నొప్పులేం లేవుగా… నవ్వుతున్నావా ఏడుస్తున్నావా… నవ్వు తల్లీ, నవ్వు. ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను, ఆటోలో. ముందుకే నడిచే ఆటోలో… ఏంటీ? వద్దమ్మా. మీ అమ్మకెందుకివ్వడం. ఇంట్లో లేదు. బట్టలు ఆరేస్తూ అలా ఎటో… ఎడమచెప్పు తెచ్చి నువ్వే ఇస్తావా. నీకెందుకమ్మా శ్రమ, రేపు నేనే షెడ్డుకి వెళ్తున్నానుగా—

… ఏం లేదే. అమ్మాయే. కారు కొనట్లేదట. అంతే… ఎంతసేపట్నించి నిల్చున్నావక్కడ?

… కుక్క సంగతా. కుక్క పాపం మంచిదేనే, నేనెప్పుడన్నా కాదన్నానా…

అదేంటి ఆ చేతిలో… కుడిది ఇన్నాళ్ళూ దాచావా? మంచిపని చేశావు, జత కలుస్తుంది. అయితే చేత్తో పట్టుకున్నావేం, కాలికి వేసుకో…

అమ్మడూ, ఉంటానే. మీ అమ్మ నలభై దాటి వస్తోంది—